రెండోసారి పిలిచాక

విమానం పదివేల అడుగుల కిందికి దిగిందంటే కాక్‌పిట్‌లో కబుర్లు బంద్. ఆ విమానానికి పనికిరాని మాట ఒక్కటి కూడా నోట్లోంచి రాకూడదు. ఇళ్ళల్లో కూడా ఇలాంటి రూలొకటి పెట్టుకుంటే సగం కాపురాలు చల్లగా ఉండేవని పెద్దాయన కొత్తగా వచ్చిన ప్రతి కోపైలట్‌తోనూ అంటూ ఉంటాడు. ఆ రూలు వల్లే ఆ సాయంత్రం వాళ్ళిద్దరి వాదన సరిగ్గా మధ్యలో తెగిపోయింది.

"మిగతాదంతా నాకు సమ్మతమే సార్. ఆ పంతొమ్మిదో షరతు ఒక్కటే మింగుడుపడట్లేదు," అంటోంది ఆమె కుడి సీట్లోంచి. "ఇంటి దగ్గరుండగా చెప్తే అలసటట. ఎయిర్‌పోర్టుకి వచ్చాక చెప్తే డ్యూటీ ఎగ్గొట్టడమట. మనిషి ఎక్కడ అలిసిపోవాలో కూడా వాళ్ళే చెప్తే..."

"పదివేలు," అన్నాడు పెద్దాయన ఎడమ సీట్లోంచి, ఎత్తు చూపించే మీటరు వైపు వేలు చూపి.

ఆమె టక్కున నోరు మూసుకుంది.

పెద్దాయన అని ఆయన్ని కంపెనీలో అందరూ అంటారు. జుట్టు నెరిసినందుక్కాదు. పైలట్ల యూనియన్‌కి ఆయన అధ్యక్షుడు, ఆ కంపెనీలో సగం మందికి పని నేర్పిన గురువు. ఆమెకూ ఆయనే గురువు. ఆయన భుజాల మీద నాలుగు పట్టీలు, ఆమె భుజాల మీద మూడు. ఆ నాలుగో పట్టీ కోసం ఆమె ఏళ్ళ తరబడి కుడి సీట్లో కూర్చుని ఎదురుచూస్తోంది. కొత్త ఒప్పందం కుదిరితేనే కంపెనీ కొత్త విమానాలు కొంటానంటోంది. విమానాలొస్తే కెప్టెన్లు కావాలి. వరసలో మొదట ఉన్నది ఆమే. ఆమెను సిఫారసు చేయాల్సింది పెద్దాయనే. ఇన్ని ముడులు పడ్డ చోట ఆమె పంతొమ్మిదో షరతు గురించి నోరెత్తడమే గొప్ప, అదీ చాలా మర్యాదగా, ఆయన తప్ప వినేవాళ్ళెవరూ లేనప్పుడు.

ఇంతకాలం ఉన్న పద్ధతి వేరు. పైలట్ ఎవరైనా, ఎప్పుడైనా, ఆఖరికి విమానం తలుపు దగ్గర నిలబడి అయినా సరే, అలిసిపోయాను, ఇవాళ నడపలేను అంటే ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఇంకొకరిని వెతుక్కోవాల్సిందే. కొత్త ఒప్పందం ప్రకారం ఆ మాట ఇంటి గడప దాటకముందే చెప్పాలి. దాటాక చెబితే ఆ రోజు గైరుహాజరు. రెండోసారి చెబితే విచారణ. దీనికి బదులుగా జీతాలు పెరుగుతాయి, ఇంటిల్లిపాదికీ వైద్య బీమా వస్తుంది. చాలాకాలంగా ఎదుగూ బొదుగూ లేని జీతాల మీద బతుకుతున్న వాళ్ళకు అది తక్కువేమీ కాదు. అందుకోసం పెద్దాయన నిన్న రాత్రంతా కంపెనీ వాళ్ళ ఎదురుగా కూర్చున్నాడు. తెల్లారాక సంతకం పెట్టి, ఇంటికి పోయి స్నానం చేసి, డ్యూటీకి వచ్చాడు. యూనియన్ పని డ్యూటీ కింద లెక్కకు రాదు. అందుకని కాగితాల మీద ఆయన రాత్రంతా హాయిగా నిద్రపోయినట్టే.

అది ఆ రోజుకి నాలుగో ప్రయాణం. పొద్దుటి వాన వల్ల దిగిన ప్రతి చోటా ఆలస్యమే అయింది. ఇప్పుడు వాన లేదు గానీ మబ్బు దట్టంగా ఉంది. ఆ మబ్బుకి కింద కొండలున్నాయి.

నాలుగు వేల అడుగులకు దిగి అక్కడే ఉండమని కంట్రోలర్ రేడియోలో చెప్పాడు. ఆమె ఆ మాటను తిరిగి అప్పజెప్పింది. ఇలాంటప్పుడు ఒక పద్ధతుంది. విమానం నడుపుతున్నవాళ్ళు గుండీ తిప్పి ఆ అంకెను ఎదురుగా ఉన్న చిన్న గడిలో పెట్టాలి. దానివైపు వేలు చూపించి పైకి చదవాలి. పక్కవాళ్ళు కూడా వేలు చూపించి చదవాలి. ఒకరి కళ్ళు మోసం చేసినా రెండోవారివి చెయ్యవని ఆ ఏర్పాటు. వేలు చూపించడానికి బద్ధకించిన కోపైలట్లను పెద్దాయన నలుగురి ముందూ కడిగేసిన రోజులున్నాయి.

పెద్దాయన గుండీ తిప్పాడు. వేలు చూపించాడు. "నాలుగు వేలు," అన్నాడు.

గడిలో మూడు వేలని ఉంది.

ఆమె వేలు గాల్లో ఆగిపోయింది. ముందు తన కళ్ళనే అనుమానించింది. ఆయన తప్పు చేశాడనుకోవడం కంటే తనకు అప్పుడే చత్వారం వచ్చిందనుకోవడం తేలిక. మళ్ళీ చూసింది. మూడు వేలే.

"కెప్టెన్, ఎత్తు చూడండి."

"చెక్డ్," అన్నాడాయన.

చూడలేదు. ముప్పై ఏళ్ళుగా రోజుకు వందసార్లు ఆ మాట అన్న నోరు, మనిషితో పని లేకుండా తనంతట తానే అనేసింది. విమానం బుద్ధిగా కిందికి పోతూనే ఉంది, దానికి చెప్పిన అంకె కోసం.

మొదటి పిలుపుకు జవాబు సరిగా రాకపోతే రెండోసారి పిలవాలి. ఈసారి ఏది తప్పో విడమరిచి చెప్పాలి. ఇదీ ఆయన నేర్పిందే.

"కెప్టెన్, మనకిచ్చింది నాలుగు వేలు. మనం పెట్టింది మూడు వేలు. కిందికి పోతున్నాం."

జవాబు లేదు. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. ముందున్న మబ్బువంకే చూస్తున్నాయి. వాటిలో మనిషి లేడు.

రెండుసార్లు పిలువు, మూడోసారి పిలవకు, విమానం నువ్వు తీసుకో. శిక్షణ గదిలో ఆయన ఈ మాట చెప్పినప్పుడు ఆమె పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీసుకుంది. కెప్టెన్ ఎంతటివాడైనా, పక్కన ఉన్నది కన్నతండ్రే అయినా అంతే. అప్పుడు అది తనకు పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"ఐ హావ్ కంట్రోల్," అంది. విమానం ఇక నా చేతిలో అని చెప్పే మాట అది.

చేతులు వాటి పని అవి చేశాయి. విమానం నాలుగు వేలకు కాస్త కిందికి పోయి, మళ్ళీ పైకొచ్చి, నిలబడింది. కంట్రోలర్ ఏమీ అడగలేదు. వెనక ప్రయాణికులెవరికీ తెలియలేదు. కొన్ని క్షణాల తర్వాత పక్క సీట్లోంచి, అప్పుడే ఎవరో తట్టి లేపినట్టున్న గొంతు వినబడింది.

"యు హావ్ కంట్రోల్."

నేల మీద దింపింది ఆమే.

ఇంజన్లు ఆపాక చదవాల్సిన పట్టికను పెద్దాయన చాలా శ్రద్ధగా చదివాడు. ఒక్కో గుండీకీ వేలు ఆనించి మరీ చదివాడు. ప్రయాణికులు దిగిపోయారు. ఎయిర్ హోస్టెస్ తలుపు సందులోంచి తొంగిచూసి టీ కావాలా అని అడిగితే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.

"ఎంతసేపు?" అన్నాడాయన చివరికి.

"తెలీదు సార్. రెండు పిలుపులంతసేపు."

"నిద్రపోయానా?"

"కళ్ళు తెరిచే ఉన్నారు."

ఆయన టోపీ ఒళ్ళో పెట్టుకుని దాని అంచు చుట్టూ వేలితో రాస్తూ కూర్చున్నాడు. "ఇంటి దగ్గర బాగానే ఉన్నానమ్మా. రెండోసారి దిగాక తెలిసింది, ఒళ్ళు నా మాట వినట్లేదని."

"అప్పుడే చెప్పాల్సింది సార్. ఇప్పటి రూలు ప్రకారం చెప్పొచ్చుగా."

"సంతకం తడి ఇంకా ఆరలేదు. ఆ పంతొమ్మిదో షరతుకి ఒప్పుకొచ్చిన పెద్దమనిషే పొద్దున్నే గడప దాటొచ్చి అలిసిపోయానంటే కంపెనీ వాళ్ళు నవ్వరూ? మనవాళ్ళు నవ్వరూ?" అని తనే నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "రిపోర్టు రాయాలి. నేనే రాస్తాను. మూడు రోజుల గడువుంది కదా, ఎల్లుండి ఓటింగ్ అయ్యాక రాస్తాను. ఇప్పుడు బయటికొస్తే చేసిందంతా గాలికి పోతుంది. కొత్త విమానాలు పోతాయి. నీ నాలుగో పట్టీ కూడా..."

బెదిరింపు కాదది. ఆయన నిజంగానే ఆమె గురించి బాధపడుతున్నాడు. ఆమెకు సిగ్గేసింది. ఎందుకంటే నేల మీద చక్రాలు ఆనిన మరుక్షణం తన మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన కూడా సరిగ్గా అదే.

"సరే సార్," అంది.

*

ఆమె భర్తకు మందుల షాపుంది. పొద్దస్తమానం రోగాల పేర్లు వినీ వినీ ఇంటికొచ్చాక ఆయనకు ఎవరి ఆరోగ్యం గురించీ మాట్లాడాలనిపించదు. వంట మాత్రం సరదాగా చేస్తాడు. ఆ సాయంత్రం ఆమె లోపలికి వచ్చేసరికి ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"రండి కెప్టెన్‌గారూ," అన్నాడు. సిఫారసు సంగతి తెలిసిన దగ్గర్నుంచి అలాగే పిలుస్తున్నాడు. "మీ మీసాల కెప్టెన్ ఫోన్ చేశాడు. ఎల్లుండి సభకి తప్పకుండా వచ్చి ఒప్పందానికి చెయ్యెత్తమన్నాడు. వచ్చేటప్పుడు నన్ను కూడా తీసుకురమ్మన్నాడు, నాకు ఓటు లేదంటే చప్పట్లైనా కొట్టమన్నాడు."

ఆమె నవ్వలేదు. కూతురు బొమ్మ గీసిన కాగితం తెచ్చి చూపించింది. "బాగుంది," అంది ఆమె.

"నువ్వు చూడలేదు," అంది పిల్ల. "చూడకుండానే బాగుందన్నావు."

ఆరేళ్ళ పిల్ల. బడిసంచీ సర్దేటప్పుడు నీళ్ళసీసా ఉందా అంటే ఉంది అని ఊరికే అనకూడదు, చెయ్యి పెట్టి చూసి అనాలి అని తల్లి నేర్పితే నేర్చుకుంది. ఆమె కాగితం తీసుకుని బొమ్మ మొత్తం చూసింది. ఇల్లు, ఇంటి మీద విమానం, విమానం కిటికీలో చేతులు ఊపుతున్న అమ్మ. ఎడమ కిటికీలోనే గీసింది. ఆమె ఆ కాగితాన్ని బల్ల మీద జాగ్రత్తగా పెట్టి భర్త దగ్గరికి వెళ్ళింది.

పంతొమ్మిదో షరతు గురించి సభలో మాట్లాడదామనుకుంటున్నానని మాత్రమే చెప్పింది మొదట.

"మాట్లాడు, ఎవరొద్దన్నారు?" అన్నాడు కత్తి ఆపకుండా. "కానీ ముందు కెప్టెన్‌వి అవ్వు. ఎడమ సీట్లో కూర్చున్నాక నువ్వు గుసగుసలాడినా వింటారు. కుడి సీట్లోంచి అరిచినా ఎవరికీ వినబడదు."

"వినబడలేదు," అంది ఆమె. "ఇవాళ రెండుసార్లు పిలిచాను."

అప్పుడు చెప్పింది. గొంతు తగ్గించి, పిల్లకు వినబడకుండా. ఆయన కత్తి పక్కన పెట్టాడు. ఉల్లిపాయ నీళ్ళో, మరేమిటో, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత పొయ్యి మంట తగ్గిస్తూ మెల్లిగా అడిగాడు.

"నీ సీట్లో ఇంకొకరుంటే?"

ఆ ప్రశ్న అక్కడితో ఆగలేదు. ఎడమ సీటు వస్తుంది. కొత్త విమానం వస్తుంది. ఒకరోజు నాలుగో ప్రయాణంలో తనకూ ఒళ్ళు మాట వినదు. అప్పుడు గడప దాటేసి ఉంటుంది కాబట్టి చెప్పుకోవడానికి ఉండదు. పక్కన కుడి సీట్లో ఎవరుంటారో. వాళ్ళు రెండుసార్లు పిలుస్తారో, పిల్చే ధైర్యం లేక నీళ్ళు నములుతారో.

*

మర్నాడు ఆమెకు స్టాండ్‌బై. అంటే యూనిఫాం వేసుకుని ఎయిర్‌పోర్టులో పైలట్ల గదిలో కూర్చోవడం, ఎవరికైనా జ్వరమొస్తే వాళ్ళ బదులు ఎగరడం. ఆ గదిలో కూర్చుని కూర్చుని మధ్యలో గుంటపడ్డ సోఫా ఒకటి, ఎప్పుడూ పనిచెయ్యని కాఫీ మిషను ఒకటి, చొక్కాలు ఇస్త్రీ చేసుకునే బల్ల ఒకటి ఉన్నాయి. మీసాల కెప్టెన్ సోఫా గుంటలో కూరుకుపోయి పళ్ళపుల్ల నములుతూ ఒప్పందం గొప్పదనం వర్ణిస్తున్నాడు. ఆయనకు రిటైర్మెంటు కళ్ళముందే ఉంది. పెరిగిన జీతం మీద పింఛను లెక్క కడతారు.

"పంతొమ్మిది పంతొమ్మిది అని ఏడుస్తారేంటయ్యా," అంటున్నాడు. "నేను మొదట్నించీ ఇంట్లోనే అలిసిపోతున్నాను. మా ఆవిడ ఉండగా నాకు ఎయిర్‌పోర్టు దాకా రావాల్సిన ఖర్మేం పట్టింది?"

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఇస్త్రీ చేసుకుంటున్న బక్కోడు కూడా నవ్వాడు. బక్కోడంటే ఆమె తర్వాతి వరసలో ఉన్న కోపైలట్. ఇంట్లో నెలల వయసున్న కవలలున్నారు. అసలే బక్కపల్చటి మనిషి, పిల్లలు పుట్టాక బెల్టుకు కొత్త చిల్లు వేయించుకున్నాడు.

"నవ్వుతున్నాడు చూడు," అన్నాడు మీసాలాయన. "పోయిన నెల వీడు చేసిన నిర్వాకానికేగా కంపెనీకి ఆ షరతు గుర్తొచ్చింది. మేం కనలేదా పిల్లల్ని? పెంచలేదా?"

"మీరు కన్నారు సార్, పెంచింది మేడంగారట కదా," అన్నాడు బక్కోడు. మళ్ళీ అందరూ నవ్వారు. మీసాలాయన కూడా నవ్వి, ఏదో పిలుపొస్తే లేచి వెళ్ళిపోయాడు.

ఆమె ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఆ రోజేం జరిగింది తమ్ముడూ?"

"ఏముంది అక్కా. వాతావరణం కాగితం చేతిలో పెట్టుకుని ఒకే లైను మళ్ళీ మళ్ళీ చదివాను. బుర్రకెక్కలేదు. భయమేసింది. నడపలేనని చెప్పేశాను." చొక్కా కాలరు తిప్పి వేశాడు. "ఆఫీసుకి పిలిపించారు. కూర్చోమని కూడా అనలేదు. ఇంట్లో ఉన్నప్పుడు తెలీలేదా అని అడిగాడు మేనేజరు. ఇంట్లో ఆ ఇద్దరి ఏడుపులో నేనున్నానో లేనో నాకే తెలీదు, ఇంక అలసటేం తెలుస్తుంది అక్కా?"

"అడిగే హక్కు లేదు కదా ఆయనకి."

"లేదు. అయినా అడిగాడు. ఇప్పుడు హక్కు కూడా వస్తోంది, మర్యాదగా కూర్చోబెట్టి అడుగుతాడేమో."

"మరి రేపు?"

"చెయ్యెత్తుతాను. పిల్లలకి బీమా కావాలి." ఇస్త్రీ పెట్టె నిలబెట్టి ఆమె వంక చూశాడు. "షరతుదేముంది, నేనింక చెప్పనుగా. కళ్ళు మూతలు పడుతున్నా నోరెత్తను. పంటి బిగువున నడిపేస్తాను. అందరూ అదే చేస్తారు చూడండి." మామూలుగా, వాన రాకపోతే గొడుగు అక్కర్లేదన్నంత మామూలుగా అన్నాడు.

నిన్నటి సంగతి ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. సరే సార్ అన్నాను కదా అని మింగేసింది. చొక్కా చల్లారకముందే తొడుక్కుని బక్కోడు విమానానికి వెళ్ళిపోయాడు. ఆమె అద్దాల్లోంచి చూస్తూ, ఇవాళ వాడికి ఎన్నో ప్రయాణమో అడిగి ఉండాల్సిందనుకుంది. అప్పట్నుంచి వాడి విమానం ఎక్కడ దిగిందో బోర్డు మీద చూసుకుంటూనే ఉంది. సాయంత్రం ఆఖరిది కూడా దిగిందని కనబడ్డాకే ఇంటికి బయల్దేరింది.

*

సభ యూనియన్ ఆఫీసు మేడ మీద. మెట్లు ఇరుకు. అక్కడ పెద్దాయన ఎదురుపడ్డాడు. ఒప్పందం కాగితాలు చంకలో ఉన్నాయి, షేవింగ్ నున్నగా ఉంది. కళ్ళ కింద సంచులు మాత్రం అలాగే ఉన్నాయి.

"సార్, నేను మాట్లాడకుండా ఉండలేనేమో," అంది ఆమె. మెట్టు మీద ఆయనకు దారివ్వలేదని తర్వాత గుర్తొచ్చింది.

"మాట్లాడు. ఓటింగ్ అయ్యాక మాట్లాడు. నేనే పక్కన నిలబడతాను." గొంతు తగ్గించాడు. "ఆ ఒక్కటీ తీసేయమంటే వాళ్ళు మొత్తం కాగితం చించేసేవాళ్ళమ్మా. తెల్లవారుజామున మూడుసార్లు లేచి వెళ్ళిపోయారు. మూడోసారి వాళ్ళు తిరిగొస్తారో రారో అని నేను కిటికీ దగ్గర నిలబడ్డాను చూడు, అప్పుడు తెలిసింది నాకు భయమంటే ఏంటో. మన రెండు వందల ఇళ్ళున్నాయి దీని వెనక."

అది అబద్ధం కాదు. అదే ఆమె బాధ. ఆయన మోసగాడై ఉంటే ఎంత సుఖంగా ఉండేది. కడిగేసి, చేతులు దులుపుకుని ఇంటికి పోయేది.

"ఈ ఒక్క సాయంత్రం ఓపిక పట్టు," అని ఆయన పక్కకు ఒదిగి పైకి వెళ్ళాడు.

హాలు నిండిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక కొందరు గోడకు చేరగిలబడ్డారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న పేరే గానీ గాలి లేదు. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినవాళ్ళ యూనిఫాం చొక్కాలు వీపుకు అంటుకుపోయాయి. బక్కోడు రెండో వరసలో చివర కూర్చున్నాడు. కూర్చోగానే తల వాలిపోయింది. మీసాలాయన ఒక్కొక్కరి భుజం తడుతూ తిరుగుతున్నాడు. ఆమెకు మూడో వరసలో మధ్యన చోటు దొరికింది. అటూ ఇటూ మోకాళ్ళు. లేవాలన్నా తేలిగ్గా లేవలేని చోటు.

పద్ధతి ప్రకారం అధ్యక్షుడు షరతులు ఒక్కొక్కటీ చదివి సమ్మతమేనా అని అడగాలి. హాలు సమ్మతం అనాలి. అన్నీ అయ్యాక చేతులెత్తి ఓటు. మొదటి రెండు షరతుల దగ్గర ప్రశ్నలొచ్చాయి, పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. జీతాల షరతు దగ్గర చప్పట్లు. బీమా దగ్గర ఇంకా పెద్ద చప్పట్లు. అక్కణ్ణుంచి బండి ఊపందుకుంది. ఆయన చదవడం, వీళ్ళు సమ్మతం అనడం. ఉక్కపోత, ఆకలి, ఇంటికి పోవాలన్న తొందర. పన్నెండో షరతు దాటేసరికి ఆయన ఆఖరి మాట పూర్తవకముందే హాలు సమ్మతం అంటోంది.

ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. పద్నాలుగు. పదిహేను. ఇంటి దగ్గర బల్ల మీది బొమ్మ గుర్తొచ్చింది. ఎడమ కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న అమ్మ. పదిహేడు. ఇంకో రెండేళ్ళు, మూడేళ్ళు కుడి సీటే అయితే? అసలు ఎప్పటికీ కుడి సీటే అయితే? పద్దెనిమిది.

"పంతొమ్మిది," అని పెద్దాయన నాలుగు ముక్కల్లో చదివేశాడు. "సమ్మతమేనా?"

"సమ్మతం," అంది హాలు.

ఆ గొంతు ఆమె ఇదివరకు విన్నదే. మొన్న సాయంత్రం మబ్బులో పక్క సీట్లోంచి, చెక్డ్ అంటే విన్నది.

"కెప్టెన్, పంతొమ్మిదో షరతు చూడండి."

పెద్ద గొంతుతో ఏమీ అనలేదు. కానీ యూనియన్ సభలో ఆయన్ని కెప్టెన్ అని ఎవరూ పిలవరు. నాలుగైదు తలలు తిరిగాయి. పెద్దాయన కళ్ళజోడు పైనుంచి ఆమె వంక చూశాడు. ఒక్క క్షణం. తర్వాత పేజీ తిప్పాడు.

"అది అయిపోయిందమ్మా. ఇరవై..."

ఆమె లేచింది. ముందు కుర్చీ వీపు పట్టుకుంది.

"కెప్టెన్, మనకి కావాల్సింది అలిసినవాళ్ళు ఎక్కడున్నా చెప్పుకునే వీలు. ఇక్కడ రాసుకున్నది గడప దాటాక నోరు మూసుకోమని. కిందికి పోతున్నాం."

ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికి రెండుసార్లు శిక్షణలో ఆ మాటలు వల్లించినవాళ్ళే. రెండో పిలుపు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. దాన్ని ఎవరూ సరదాకి అనరు. మీసాలాయన నోట్లోంచి పళ్ళపుల్ల తీసి చేత్తో పట్టుకున్నాడు. బక్కోడు తలెత్తాడు. ముందు వరసలో ఒక కెప్టెన్ ఆమెను చూశాడు, తర్వాత పెద్దాయనను చూశాడు. ఎవరు ఎప్పుడు ఎవరితో ఎగిరారన్నది పైలట్లకు గుర్తుంటుంది.

ఇప్పుడు ఆమె మూడో మాట అనాలి. కాక్‌పిట్‌లో కింద కొండలున్నాయి కాబట్టి దానంతట అదే వచ్చింది. ఇక్కడున్నవి ప్లాస్టిక్ కుర్చీలు. పైగా ఇక్కడ ఆ మాట అంటే ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. పెద్దాయన ఇరవై అని మళ్ళీ అంటే చాలు, హాలంతా ఊపిరి పీల్చుకుని సమ్మతం అంటుంది. ఆమె కూర్చుంటుంది. అందరూ వేళకి ఇంటికి పోతారు.

పెద్దాయన అనలేదు. కళ్ళజోడు తీసి కాగితాల మీద పెట్టాడు. ముక్కు మీద పడ్డ నొక్కును రెండు వేళ్ళతో రుద్దుకున్నాడు.

"మూడోది చెప్పమ్మా," అన్నాడు మైకులో. "రెండుసార్లు పిలిచి ఊరుకోమని నేను నేర్పలేదు."

"ఐ హావ్ కంట్రోల్," అంది ఆమె.

"యు హావ్ కంట్రోల్."

ఆయన మైకు స్టాండులోంచి తీసి ముందుకు చాచాడు. ఆమె వస్తుంటే వరసలోవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ఆయన వేదిక దిగి, బక్కోడి పక్కనాయన లేచి ఇచ్చిన కుర్చీలో కూర్చున్నాడు.

మైకు చేతికి వచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తోచలేదు. అన్నేళ్ళ గురువును నలుగురిలో నిలబెట్టడానికి మనసొప్పలేదు. "మన తోటి కోపైలట్ ఒకరు పోయిన నెల..." అని అందుకుంది.

"వాడితో కాదు," అన్నాడు పెద్దాయన కుర్చీలోంచి. మైకు లేకపోయినా అందరికీ వినబడింది. "నాతో మొదలుపెట్టు. మొన్న సాయంత్రం. నాలుగు వేల అడుగుల దగ్గర."

ఆమె మొదలుపెట్టింది. నాలుగో ప్రయాణమని చెప్పింది. ముందు రోజు రాత్రి ఆయన నిద్రపోలేదని చెప్పింది. గడిలో ఉన్న అంకె చెప్పింది. మొదటి పిలుపు చెప్పింది, రెండో పిలుపు చెప్పింది. పెద్దాయన తల దించుకోలేదు. ఆమె చెప్పిన ఒక్కో మాటకూ చూపుడువేలు ఆమెవైపు ఎత్తి, "చెక్డ్" అంటూ వచ్చాడు. ఈసారి చూసే అన్నాడు.